ఓడరేవు ఆపిన ఇసుక ఒడ్డుకు చేరాలి
విశాఖ తీరం కోతకు తప్పు కెరటానిది ఒక్కదానిదే కాదు

విశాఖపట్నం: సాయంత్రమయ్యేసరికి వేలాది జనం చేరే రామకృష్ణా బీచిని చూసినవారు ఆ ఇసుకంతా సముద్రం తనంతట తాను తెచ్చి వేసినదేననుకోవడం సహజం. కాని దశాబ్దాలుగా ఆ ఒడ్డున కనిపిస్తున్న ఇసుకలో చెప్పుకోదగ్గ భాగం డ్రెడ్జర్లు తవ్వి తెచ్చి పోసినదే. పోసిన ఇసుకను కెరటాలు నెమ్మదిగా ఉత్తరానికి లాక్కుపోతాయి. మళ్లీ పోయాలి. పోయడం మానితే ఒడ్డు సన్నబడుతుంది, బీచి రోడ్డు గోడకు కెరటం తగులుతుంది, పేటల ముందు తెప్పలు నిలిపే జాగా కరిగిపోతుంది.

సముద్ర మట్టం పెరుగుతోందని, తుపానులు ముదురుతున్నాయని ప్రపంచమంతా ఆందోళన చెందుతున్న ఈ రోజుల్లో విశాఖ నగరానికి ఈ ఇసుక సంగతి మరింత ముఖ్యమైంది. ఒడ్డున ఇసుక ఉన్నంతవరకే నగరానికి రక్ష. ఆ ఇసుక ఎక్కడ ఆగిపోతోందో తెలియనిది కాదు. దాన్ని క్రమం తప్పకుండా ముందుకు పంపడమే కావలసింది.

ఇసుక నడిచే దారి

తూర్పు తీరంలో ఇసుక ఒకచోట నిలిచి ఉండదు. కెరటం ఏటవాలుగా వచ్చి ఒడ్డును కొట్టినప్పుడు ఇసుకను కొంచెం పక్కకు జరుపుతుంది. నైరుతి గాలులు వీచే కాలంలో కెరటాలు దక్షిణం నుంచి వస్తాయి కనుక ఇసుక ఉత్తరానికి నడుస్తుంది. ఈశాన్య రుతుపవనాల కాలంలో కొంత దక్షిణానికి మళ్లుతుంది. ఏడాది మొత్తం మీద లెక్క చూస్తే ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఈ విధంగా విశాఖ ముందు నుంచి ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక సాగిపోతుంది.

ఒకచోట కోసుకుపోయిన దాన్ని వెనకనుంచి వచ్చే ఇసుక పూడుస్తూ ఉంటే తీరం నిలకడగా ఉంటుంది. వచ్చేది ఆగి పోయేది ఆగకపోతే, జమ లేని ఖర్చులా ఒడ్డు తరిగిపోతుంది. విశాఖలో జరిగింది ఇదే.

1933 నుంచి మొదలు

పూర్వం విశాఖలో ఓడలు దూరాన లంగరు వేసేవి. సరుకులను పడవల మీద ఒడ్డుకు చేర్చేవారు. డాల్ఫిన్స్ నోస్ కొండ చాటున ఉన్న ఉప్పుటేటి బురద నేలను తవ్వి లోపలి రేవును నిర్మించారు. 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ మొదటిసారిగా రేవులో ప్రవేశించింది.

రేవు ముఖద్వారంలో ఇసుక మేట వేయకుండా ఆపడం ఆనాటి ఇంజనీర్లకు పెద్ద సమస్య అయింది. ‘జేనస్’, ‘వెల్లెడ్సన్’ అనే రెండు పాత ఓడలను ముఖద్వారానికి దక్షిణాన ముంచి, వాటినే అలలకు అడ్డుకట్టగా వాడుకున్నారు. దక్షిణం నుంచి వచ్చే ఇసుక ఆ చాటున పేరుకునేది. దాన్ని తవ్వి తీసేవారు. ఓడల దారి సుగమమైంది. అయితే ఉత్తరానికి పోవలసిన ఇసుకకు అదే ఆనకట్ట కూడా అయింది.

ఇనుప ఖనిజాన్ని పెద్ద ఓడల్లో విదేశాలకు పంపడానికి 1970 దశకంలో వెలుపలి రేవును నిర్మించారు. 1976లో అది వాడుకలోకి వచ్చింది. దానికి కాపుగా సముద్రంలోకి రాతి గోడలు కట్టారు. దక్షిణపు గోడ ఒక్కటే సుమారు కిలోమీటరున్నర పొడవు. ఇసుక దారికి అడ్డు మరింత పెరిగింది.

అందువల్ల గోడల దక్షిణాన ఇసుకను పట్టే గుంట ఒకటి ఏర్పాటు చేసి, అందులో చేరిన ఇసుకను డ్రెడ్జరుతో తవ్వి, గొట్టాల ద్వారానో పిచికారీ చేసో ఉత్తరపు ఒడ్డుకు పోసే పద్ధతి అమలులోకి వచ్చింది. కోస్టల్ బ్యాటరీ నుంచి రామకృష్ణా బీచి దాకా ఉన్న ఒడ్డు ఈ పోతమీదే ఆధారపడి బతుకుతోంది.

ఈ రేవు వల్లనే విశాఖ నగరమైందన్నది ఎవరూ కాదనలేరు. ఉక్కు కర్మాగారానికి బొగ్గు దిగేదీ, వేలాది కుటుంబాలకు కూలి దొరికేదీ రేవుల మీదనే. రేవు వద్దనేవారు లేరు. రేవు ఆపిన ఇసుకను రేవే దాటించాలన్నదే న్యాయమైన కోరిక.

ఎప్పుడో కొలిచిన సంగతి

ఈ విషయం కొత్తగా కనిపెట్టింది కాదు. అమెరికాకు చెందిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ 1950 దశకంలో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి ఇక్కడి వారితో కలిసి బంగాళాఖాతాన్ని పరిశీలించారు. వాల్తేరు ఒడ్డున ఇసుక ఏ నెలలో ఎంత కోసుకుపోతోంది, ఏ నెలలో ఎంత మేట వేస్తోంది అన్నది కొలిచి, లాఫాండ్, ప్రసాదరావు కలిసి 1954లో విశ్వవిద్యాలయ ప్రచురణలో వెల్లడించారు. మన దేశంలో సముద్ర శాస్త్రం వేళ్లూనుకున్న చోట్లలో వాల్తేరు ఒకటి.

విశాఖ రేవులో 1937 నుంచి ఆటుపోట్ల కొలతలు నమోదై ఉన్నాయి. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం నగరంలోనే ఉంది. ఇసుక తవ్వే పనికే పుట్టిన డ్రెడ్జింగ్ కార్పొరేషన్ 1976లో ఏర్పడి, విశాఖనే ప్రధాన స్థావరం చేసుకుంది. కొలిచేవారు, తవ్వేవారు, తవ్వించవలసినవారు ఒకే ఊళ్లో ఉండడం దేశంలో మరే తీర నగరానికీ అంత సులభంగా దొరకని అవకాశం.

ఒడ్డే జాలరి కళ్లం

బీచి అంటే పట్టణవాసికి షికారు. జాలరికి అది రైతు కళ్లం వంటిది. పెదజాలారిపేట, జోడుగుళ్లపాలెం, మంగమారిపేట మొదలుకొని భీమిలి దాకా ఉన్న పేటల్లో తెప్పలు, ఫైబరు పడవలు ఇసుక మీదికే ఎక్కుతాయి. మరపడవలకు చేపల రేవు ఉంది. వీటికి ఒడ్డే రేవు.

అలివి వల వేయాలంటే వెడల్పయిన ఇసుక తప్పనిసరి. పడవ మీద వలను సముద్రంలోకి అర్ధచంద్రాకారంగా తీసుకుపోయి, రెండు చివరల తాళ్లను ఒడ్డున రెండు జట్లు పట్టి లాగుతాయి. పదుల మంది కాళ్లు తన్ని నిలబడి వెనక్కు నడుస్తూ లాగవలసిన పని అది. వెనక రాతి గోడ, ముందు కెరటం ఉంటే నడవడానికి చోటేదీ? నెత్తళ్లు, కవళ్లు ఎండబెట్టుకుని బజారుకు మోసుకుపోయే ఆడవాళ్లకు కూడా కావలసింది ఆ పొడి ఇసుకే. ఒడ్డు పది గజాలు పోతే పటంలో గీత జరిగినట్టే ఉంటుంది. పేటలో మాత్రం వలలు బాగుచేసుకునే చోటు, పడవ నిలిపే చోటు, చేపలు ఆరబోసే చోటు ఒక్కసారే పోతాయి.

జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే జాతి సముద్ర తాబేళ్లు రాత్రివేళ ఇదే ఒడ్డుకు వచ్చి గుడ్లు పెడతాయి. ఒక్కో గుంటలో సుమారు నూరు గుడ్లు. పిల్లలు బయటికి రావడానికి నెలన్నర నుంచి రెండు నెలలు పడుతుంది. అంతకాలం గుంటలోకి ఉప్పునీరు చేరకూడదు. అటవీ శాఖ గుడ్లను సేకరించి కంచె వేసిన చోట్ల పొదిగించి పిల్లలను సముద్రంలో వదులుతోంది. ఒడ్డు సన్నబడితే తాబేలుకు గుడ్డు పెట్టే పొడి నేల ఉండదు.

హుద్‌హుద్ చెప్పిన పాఠం

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ వద్దే తీరం దాటింది. గాలి గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. సముద్రం మామూలు పోటు కంటే సుమారు 1.4 మీటర్లు ఉప్పొంగినట్టు రేవులోని కొలత యంత్రం నమోదు చేసింది. నగరంలో చెట్లు నేలకూలాయి, బీచి రోడ్డు అనేక చోట్ల దెబ్బతింది.

వెడల్పయిన ఇసుక ఒడ్డు ఉన్నచోట పెద్ద కెరటం ముందే విరిగి, ఇసుక మీద పరుగెత్తి బలం కోల్పోతుంది. ఇసుక లేనిచోట తిన్నగా గోడను కొడుతుంది. తుపాను లాక్కుపోయిన ఇసుకలో కొంత దగ్గరలోనే నీళ్ల అడుగున మేట వేసి, సముద్రం శాంతించాక తిరిగి ఒడ్డుకు చేరుతుంది. నిల్వ ఉన్న తీరం ఆ విధంగా కోలుకుంటుంది, నిల్వ లేనిది కోలుకోలేదు.

ఇక సముద్ర మట్టం సంగతి. 1901 నుంచి 2018 మధ్య ప్రపంచ సముద్రాల మట్టం సుమారు 20 సెంటీమీటర్లు పెరిగిందని, 2006 నుంచి 2018 దాకా ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగిందని వాతావరణ మార్పుపై అంతర్జాతీయ శాస్త్రవేత్తల సంఘం 2021లో ప్రకటించింది. వేడెక్కిన నీరు ఉబ్బడం, మంచు కరిగి సముద్రంలో చేరడం ఇందుకు కారణాలు. మిల్లీమీటర్లే కదా అని తీసిపారేయడానికి వీల్లేదు. ఇసుక ఒడ్డు పల్చటి వాలు గలది కనుక, మట్టం ఒక సెంటీమీటరు పెరిగితే గట్టు అరమీటరు నుంచి మీటరు దాకా వెనక్కు తగ్గవచ్చునని తీర ఇంజనీర్ల ఉజ్జాయింపు లెక్క. రేవు అడ్డుతో ఒకపక్క, పెరిగే సముద్రంతో మరోపక్క విశాఖ ఒడ్డుకు రెండు వైపులా కోత పడినట్టయింది.

రాతి గోడ మందా?

కోత కనబడగానే బండరాళ్లు తెచ్చి పోయాలన్న మాట ముందుగా వినిపిస్తుంది. రోడ్డును కాపాడడానికి కొన్నిచోట్ల అది తప్పకపోవచ్చు. కాని రాయి ఇసుకను తేలేదు. గోడకు కొట్టిన కెరటం వెనక్కు తిరిగేటప్పుడు పాదంలో ఉన్న ఇసుకను కూడా లాక్కుపోతుంది. గోడ ఆగినచోట పక్క ఊరికి కోత మొదలవుతుంది.

కాకినాడ దగ్గరి ఉప్పాడ ఇందుకు కళ్లెదుటి సాక్ష్యం. అక్కడ రాళ్లు పోశారు, ఇసుక నింపిన పెద్ద గొట్టాలతో గట్టు కట్టారు. కెరటాలు దాన్నీ దెబ్బతీశాయి. తుపాను వచ్చినప్పుడల్లా బీచి రోడ్డుకూ, ఒడ్డు ఇళ్లకూ గండం తప్పడం లేదు. మద్రాసు రేవు కథ కూడా ఇటువంటిదే. రేవు గోడలకు దక్షిణాన మెరీనా ఒడ్డు వెడల్పయింది. ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురై రాతి గోడల పాలయింది. పుదుచ్చేరిలో మాత్రం రేవు వల్ల పోయిన బీచిలో కొంత భాగాన్ని, నీటి అడుగున కట్ట వేసి ఇసుక పోసి ఇటీవలి సంవత్సరాలలో తిరిగి తెచ్చుకోగలిగారు.

ఇసుకకు పుట్టిల్లు కొండలు

ఒడ్డున కనిపించే ఇసుక సముద్రంలో పుట్టింది కాదు. తూర్పు కనుమల రాయి అరిగి, వాగుల వెంట దిగి, నదుల ద్వారా సముద్రానికి చేరింది. విశాఖకు దక్షిణాన తాండవ, వరాహ, శారద నదులు సముద్రంలో కలుస్తాయి. తాండవ మీద, శారద మీద రైవాడ వద్ద జలాశయాలున్నాయి. అవి పొలాలకు నీరిస్తున్నాయి. ఇసుకను మాత్రం ఆపుతాయి. ఆనకట్ట దిగువన మిగిలిన ఇసుకను లారీలు ఎత్తుకుపోతే, అనకాపల్లి పల్లెల్లో బావులు ఎండడమే గాక విశాఖ ఒడ్డుకు రావలసిన వంతు కూడా తగ్గుతుంది. ఏట్లో ఇసుక తవ్వడం ఏటిగట్టు ఊళ్ల బాధ మాత్రమేననుకోవడం పొరపాటు.

చేయవలసింది

మొదటిది, ఇసుక దాటించే పని ఒడ్డు కోతపడినప్పుడు చేసే మరమ్మతుగా గాక, రేవు నిర్వహణలో భాగంగా ఏటా సాగాలి. ఎంత చేరింది, ఎంత తీశారు, ఎక్కడ పోశారు అన్న లెక్క ప్రతి సంవత్సరం ప్రజలకు తెలియాలి. విశాఖ పోర్టు అథారిటీ, మహానగరపాలక సంస్థ, శాస్త్రవేత్తలు ఒకే లెక్క దగ్గర పెట్టుకోవాలి.

రెండవది, పోసేది మంచి ఇసుక కావాలి. లోపలి రేవు అడుగున పేరుకున్న బురద ఒడ్డుకు పనికిరాదు. మరీ సన్న ఇసుక పోస్తే త్వరగా కొట్టుకుపోతుంది. తాబేళ్లు గుడ్లు పెట్టే నెలలను తప్పించి పోయాలి. ఏ పేట ముందు ఏ నెలలో పోస్తే వేటకు అడ్డు రాదో జాలరి పెద్దలను అడిగి నిర్ణయించాలి.

మూడవది, భీమిలి వైపు ఇంకా మిగిలిన ఇసుక దిబ్బలను, వాటిని పట్టి ఉంచే తీగలను చదును చేయనీయకూడదు. తీర ప్రాంత నిబంధనలు 1991 నుంచి ఉన్నాయి. 2019 నాటి ప్రకటన కూడా ఇసుక దిబ్బలను ప్రత్యేక రక్షణ గల వాటిలో చేర్చింది. చట్టం ఉంది, కావలసింది అమలు.

సముద్రం పెరగకుండా ఆపడం ఒక్క విశాఖ వల్ల అయ్యే పని కాదు. దారిలో ఆగిన ఇసుకను దాటించడం మాత్రం విశాఖ చేతిలోనే ఉంది. చేతులు కాలాక ఆకులు పట్టుకునే బదులు, తుపాను లేని నెలల్లోనే ఒడ్డును నింపుకోవడం మేలు. ఒక్కో పడవ ఇసుక ఒడ్డుకు చేరినకొద్దీ పెదజాలారిపేటలో ఒక అలివి జట్టు నిలబడే చోటు, నగరానికి మరో తుపానును తట్టుకునే బలం మిగులుతాయి.