కొండరెడ్లకు చుట్టమైన వియన్నా దంపతులు

కల్లూరు: ఖమ్మం నుంచి తల్లాడ, కల్లూరు, సత్తుపల్లి మీదుగా అశ్వారావుపేట దాటితే మైదానం వెనకబడి అడవి దగ్గరవుతుంది. కుక్కునూరు, వేలేరుపాడు మీదుగా ఇంకా తూర్పుకు పోతే గోదావరి, ఆపైన పాపికొండలు. తరతరాలుగా కొండరెడ్లు, కోయలు కాపురముంటున్న ఈ కొండల్లోకి 1941లో ఒక విదేశీ జంట కాలినడకన, పడవల మీద ప్రయాణిస్తూ వచ్చింది. ఆయన పేరు క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. భార్య పేరు బెట్టీ.

హైమన్‌డార్ఫ్ 1909లో వియన్నాలో పుట్టారు. గిరిజనుల జీవితాన్ని పరిశోధించడం ఆయన వృత్తి. 1939లో రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేనాటికి ఆయన హైదరాబాదులో ఉన్నారు. చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండడంతో బ్రిటిషు వారికి శత్రుదేశీయుడయ్యారు. నైజాం సంస్థానంలోనే ఉండిపోవలసి వచ్చింది. ఆ కట్టడే మన అడవులకు ఆయనను దగ్గర చేసింది. 1940లో నల్లమలలోని చెంచుల మధ్య గడిపి, మరుసటి ఏడు గోదావరి కొండలకు వచ్చారు.

భయం ఊరికే పుట్టలేదు

కొండల్లో కొత్త మనిషిని నమ్మని రోజులవి. అందుకు కారణాలు లేకపోలేదు. గోదావరికి ఆవలి రంప ప్రాంతంలో కల్లు గీతపై ‘చిగురు పన్ను’ వేయడం, ముఠాదారులను పీడించడం 1879లో రంప పితూరీకి దారి తీశాయి. అడవి ఆంక్షలతో, వెట్టిచాకిరితో విసిగిన మన్యం 1922 నుంచి 1924 వరకు అల్లూరి సీతారామరాజు వెంట నడిచింది. నైజాం ఏలుబడిలోని ఈవలి ఒడ్డునా బాధలు తక్కువేమీ కావు. అటవీ సిబ్బంది బెదిరింపులు ఒకవైపు, వెదురు, కలప కంట్రాక్టర్ల అప్పులు మరొకవైపు. పన్నుకో, వెట్టికో, బాకీ వసూలుకో తప్ప బయటివాడు కొండెక్కి రావడం అరుదు.

ఊళ్లోనే మకాం

హైమన్‌డార్ఫ్ దంపతులు కచేరీలో కూర్చుని కబురంపలేదు. గిరిజన గ్రామాల్లోనే మకాం పెట్టారు. కొండరెడ్ల మాతృభాష తెలుగే. పోడు ఎలా కొడతారో, గుంటకర్రతో విత్తనం ఎలా వేస్తారో దగ్గరుండి చూశారు. తిండిగింజలు అయిపోయిన రోజుల్లో జీలుగు చెట్టు మొవ్వ, మామిడి టెంకలోని జీడి ప్రాణం ఎలా నిలబెడతాయో తెలుసుకున్నారు. పేరంటపల్లిలో ఆశ్రమం స్థాపించి కొండరెడ్లకు అండగా నిలిచిన బాలానంద స్వామి పనినీ గమనించారు.

ఈ అనుభవమంతా 1945లో ‘ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్’ అనే పుస్తకంగా వచ్చింది. ఆచారాలు, పండుగలతో ఆగకుండా కంట్రాక్టర్ల దోపిడీని కూడా ఆయన అక్షరాల్లో పెట్టారు. గిరిజనుల కష్టాలపై ప్రభుత్వానికి నివేదికలూ ఇచ్చారు.

జోడేఘాట్ గాయం

ఆదిలాబాద్ అడవుల్లో పరిస్థితి మరింత కఠినం. అక్కడ జోడేఘాట్‌లో 1940లో నైజాం పోలీసుల కాల్పుల్లో కొమరం భీం నేలకొరిగారు. కాల్పులు జరిపించిన ప్రభుత్వం తరఫునే గోండుల కష్టాలు తెలుసుకునే పని హైమన్‌డార్ఫ్‌కు వచ్చింది. అలా వచ్చినవాడిని గోండులు నమ్మడం తేలిక కాదు. దంపతులు మార్లవాయి గ్రామంలో గుడిసె వేసుకుని వారిలో ఒకరుగా బతికారు. 1943లో ఆ ఊళ్లోనే గోండు ఉపాధ్యాయులకు శిక్షణ కేంద్రం మొదలైంది. గోండి భాషలో వాచకాలు తయారయ్యాయి. వేలాది కుటుంబాల చేతికి భూమి పట్టాలు వచ్చాయి. ప్రభుత్వం 1945లో ఆయనను గిరిజన వ్యవహారాల సలహాదారుగా నియమించింది.

మరచిపోని చుట్టం

చూసి పోయేవారు చాలామంది ఉంటారు. మళ్లీ వచ్చేవారు కొద్దిమంది. లండన్‌లో ఆచార్యుడిగా పనిచేసిన హైమన్‌డార్ఫ్ 1970 దశకం చివర్లో పాత ఊళ్లన్నీ మళ్లీ తిరిగారు. గిరిజన భూములు గిరిజనేతరుల చేతుల్లోకి పోకుండా 1970లో తెచ్చిన ఒకటి బై డెబ్బయి చట్టం అప్పటికే అమలులో ఉంది. అయినా తన కళ్ల ముందు పట్టాలు పొందినవారి భూములు అన్యాక్రాంతం కావడం ఆయన చూశారు. ఆ సంగతి దాచకుండా 1982లో ‘ట్రైబ్స్ ఆఫ్ ఇండియా’ పుస్తకంలో రాశారు. స్నేహం ఒక్కటే సరిపోదని, చట్టం కాగితం మీది నుంచి చేలోకి దిగాలని ఆ పుస్తకం చదివితే తెలుస్తుంది.

బెట్టీ 1987లో హైదరాబాదులో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే ఉంది. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో మరణించారు. 2012లో ఆయన అస్థికలను కూడా తెచ్చి భార్య సమాధి పక్కనే ఉంచారు. ఏటా జనవరిలో గోండులు ఆ దంపతుల వర్ధంతి జరుపుతారు.

ఇప్పటి యాత్రికులకు

పాపికొండలు ఇప్పుడు పేరున్న విహారస్థలం. లాంచీ ఎక్కి, ఒడ్డున దిగి, నాలుగు ఫొటోలు తీసుకుని తిరిగిపోయేవారే ఎక్కువ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు వద్ద పర్యాటకుల లాంచీ మునిగింది. అప్పుడు నాటు పడవలతో సుడుల్లోకి వెళ్లి యాత్రికులను ఒడ్డుకు చేర్చింది సమీప గ్రామాల గిరిజనులే. ఎవరు, ఏ ఊరు అని వారు అడగలేదు.

హైమన్‌డార్ఫ్ తిరిగిన గోదావరి ఒడ్డు గ్రామాల్లో చాలావాటిది నేడు పోలవరం ముంపు కథ. పోడు, జీలుగు, వెదురు మీద బతికినవారు పునరావాస కాలనీల్లో కొత్త బతుకు వెతుక్కోవలసి వస్తోంది. ఆ వైపు వెళ్లే మన జిల్లా యాత్రికులు చేయగలిగింది కొంత ఉంది. ఫొటో తీసేముందు అనుమతి అడగాలి. వెదురు బుట్ట కొంటే బేరం ఆడకుండా తగిన ధర ఇవ్వాలి. కాసేపు కూర్చుని వారి భూమి, ఇల్లు సంగతి ఏమైందో వినాలి. విన్నది తిరిగొచ్చాక నలుగురికీ చెప్పాలి. ఆ దంపతులు మొదలుపెట్టిందీ అక్కడినుంచే.