ముందు ఒడ్డు దాటాలి!

ఆదివారం పొద్దున్నే వికారాబాద్ దగ్గరి కోట్‌పల్లి జలాశయం ఒడ్డున కాసేపు నిలబడితే చాలు, కయాకింగ్‌లో అసలు కష్టం ఎక్కడుందో తెలిసిపోతుంది. నీటి మధ్యకు చేరినవాళ్లు తాపీగా తెడ్డు వేసుకుంటూ తిరుగుతుంటారు. కేకలూ, నవ్వులూ, ‘అరె పట్టుకో, పట్టుకో’ అన్న అరుపులూ వినిపించేది మాత్రం ఒడ్డు నుంచే. ఒక కాలు బురదలో, ఇంకో కాలు పడవలో, ఆ రెండింటి మధ్యా దూరం పెరిగిపోతుంటే ఏం చేయాలో పాలుపోక ఊగిపోయేవాళ్లు అక్కడే కనిపిస్తారు. ఫోన్లు తడిసేదీ, కళ్లజోళ్లు పోయేదీ, మోకాళ్లు గీసుకుపోయేదీ అక్కడే.

హైదరాబాద్ కుర్రకారుకు కోట్‌పల్లి, విశాఖవాసులకు రుషికొండ, రాయలసీమకు వెళ్లినవాళ్లకు గండికోట లోయలోని పెన్నా నీళ్లు... కయాక్ ఇప్పుడు వారాంతపు సరదాల్లో ఒకటైపోయింది. డబ్బు కట్టి, జాకెట్ తగిలించుకుంటే పదినిమిషాల్లో పడవ చేతికొస్తుంది. తెడ్డు ఎలా వేయాలో చెప్పేవాళ్లు చాలాచోట్ల ఉంటారు. పడవలోకి ఎలా ఎక్కాలో, ఎలా దిగాలో, బోల్తా పడితే మళ్లీ ఎలా ఎక్కాలో చెప్పేవాళ్లు తక్కువ. కొత్తవాళ్లు ఎక్కువగా నీళ్లలో పడేది ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూనే అన్నది శిక్షకులు చెప్పే మాటే. తెడ్డు వేయడం అరగంటలో వస్తుంది. ఒడ్డు దాటడం నేర్చుకోవాలి.

ఈ మాట మన తీరానికి కొత్తేమీ కాదు. ఓడరేవులు కట్టకముందు కోరమాండల్ తీరానికి వచ్చిన పెద్ద ఓడలు చాలావరకు ఒడ్డుకు దూరంగానే లంగరు వేసేవి. నెలల తరబడి మహాసముద్రాలు దాటివచ్చిన దొరలు కూడా, ఆఖరున ఒడ్డు కనిపిస్తుండగా ఉన్న ఆ కాస్త నురగ నీటిని చూసి హడలిపోయేవారు. వాళ్లను కెరటాలు దాటించి ఒడ్డుకు చేర్చినవి మసూలా పడవలు. మేకు అన్నది లేకుండా పలకలను కొబ్బరి తాడుతో కుట్టి కట్టేవారు వాటిని. అల వచ్చి కొట్టినా, అడుగు ఇసుకకు తగిలినా బిగుసుకుని పగిలిపోకుండా ఒళ్లు వంచుకునేవి. పడవ నడిపేవాళ్లు కెరటాలను చూసి, ఆగి, అదను కుదిరాకే ముందుకు తోసేవారు. ఇప్పటికీ ఇసుక తీరం నుంచి వేటకు వెళ్లే మత్స్యకారుడు చేసేది అదే. ఆ ఆగడమే సగం విద్య.

పడవలో తేడాలు

కయాక్ పుట్టిల్లు ఉత్తర ధ్రువ ప్రాంతం. ఇన్యూట్, అల్యూట్ జాతుల వేటగాళ్లు నీళ్లలో కొట్టుకొచ్చిన కర్రలతోనో, తిమింగలం ఎముకలతోనో చట్రం కట్టి, దాని మీద సీల్ చర్మం బిగించి చేసుకునేవారు. ఎవరి పడవ వాళ్ల ఒంటి కొలతకే. మనకు అద్దెకు దొరికేవి అచ్చుపోసిన ప్లాస్టిక్‌వి, ఎవరు కూర్చున్నా సరిపోయేలా వెడల్పుగా ఉంటాయి.

వీటిలో రెండు రకాలు. పైన కూర్చునేవి, లోపల కాళ్లు చాపి కూర్చునేవి. కొత్తవాళ్లకు మొదటి రకమే మంచిది, ఇందులో మొహమాటం అక్కర్లేదు. అడుగున రంధ్రాలుంటాయి కాబట్టి పైకి చేరిన నీళ్లు వాటంతటవే దిగిపోతాయి. తిరగబడినా మనిషి లోపల ఇరుక్కోడు. రెండో రకం వేగంగా, తిన్నగా పోతుంది కానీ తిరగబడితే నిండా నీళ్లు పడతాయి. ఘనమీటరు నీరు బరువు టన్ను. కయాక్‌లో 200 లీటర్లు చేరాయంటే రెండు క్వింటాళ్లు మోస్తున్నట్టే. నడి చెరువులో ఆ బరువును నిలబెట్టి, నీళ్లు తోడి, మళ్లీ ఎక్కడం శిక్షణ లేనివాళ్ల వల్ల కాదు.

జాకెట్... వేసుకుంటేనే జాకెట్

2017 నవంబరు 12న విజయవాడ దగ్గర కృష్ణలో పవిత్ర సంగమం వద్ద, 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు వద్ద పర్యాటకుల పడవలు మునిగి పదుల కొద్దీ ప్రాణాలు పోయాయి. అంత చూశాక కూడా లైఫ్ జాకెట్‌ను మెత్తగా ఉందని కింద వేసుకుని కూర్చునేవాళ్లూ, ఫొటోలో చొక్కా కనిపించాలని బకిల్స్ విప్పేసేవాళ్లూ ప్రతి ఒడ్డునా దర్శనమిస్తారు. పడవ ప్రమాదాల లెక్కలను ఏటా ప్రచురించే అమెరికా కోస్ట్‌గార్డ్ నివేదికల్లో ఒక సంగతి మాత్రం మారదు. మునిగి చనిపోయిన ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా జాకెట్ వేసుకోనివాళ్లే. ‘నాకు ఈతొచ్చు’ అన్నది దానికి జవాబు కాదు. తలకు దెబ్బ తగిలినవాడికి, భయంతో నీళ్లు మింగినవాడికి ఈత వచ్చినా గుర్తుకు రాదు.

జాకెట్ సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు బిగించాక, ఇంకొకరిని భుజాల దగ్గర పట్టి పైకి లాగమనాలి. గడ్డం దాటి ముక్కు దాకా లేచిందంటే అది మీది కాదు, ఇంకో సైజు అడగండి. దానికి ఒక విజిల్ కట్టి ఉండాలి. ఆపదలో మూడుసార్లు ఊదితే సాయం కావాలని అర్థం. చీర, దుపట్టా, బరువైన జీన్స్, బూట్లు వద్దు. జారని చెప్పులు, వెనక పట్టీ ఉన్నవి, తప్పనిసరి. చెరువు అడుగున గాజుపెంకులుంటాయి, ముళ్లుంటాయి, ఆల్చిప్పలుంటాయి.

గాలి ఎటు వీస్తోంది?

పడవను నేల మీద నుంచి కదపకముందే అడగాల్సిన ప్రశ్న ఇది. దాదాపు ఎవరూ అడగరు.

ఒడ్డు నుంచి నీటి వైపు వీచే గాలి చాలా మోసకారి. గట్టు చాటున నీరు అద్దంలా ఉంటుంది, అలలు ఉండవు. పడవ తనంతట తానే పోతుంటుంది, తెడ్డు వేసే పనే లేదు. ‘భలే వచ్చేసింది నాకు’ అనిపిస్తుంది. వెనక్కి తిరిగినప్పుడు గానీ తెలియదు, ఇంతసేపూ తోసింది గాలి అని. చేతులు అలిసిపోయాక అదే గాలికి ఎదురు వేసుకుంటూ రావాలి. గాలి నింపిన రబ్బరు కయాక్‌లైతే మరీ తేలిక, కాగితంలా కొట్టుకుపోతాయి. అందుకే చెరువైనా, జలాశయమైనా ముందు గాలికి ఎదురు వెళ్లాలి. ఓపిక ఉన్నప్పుడు కష్టం, అలిసిపోయాక గాలి సాయం.

విశాఖ తీరంలో దీనికి రోజువారీ లెక్క ఉంది. రాత్రి నేల చల్లబడుతుంది కాబట్టి తెల్లవారుజామున గాలి నేల మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక సముద్రపు గాలి మొదలవుతుంది. ఇంజిన్లు లేని రోజుల్లో తెరచాప వేసుకున్న మత్స్యకారులు మొదటి గాలికి వెళ్లి, రెండో గాలికి తిరిగొచ్చేవారు. కొత్తగా తెడ్డు పట్టినవాళ్లకు మాత్రం రెండూ ఇబ్బందే. మొదటిది బయటకు నెడుతుంది, రెండోది నీటిని గరుకు చేస్తుంది. పొద్దున్నే దిగి, ఒడ్డు పక్కనే తిరిగి, ఎండ ముదరకముందే బయటకు రావడం క్షేమం.

ఏప్రిల్, మే సాయంత్రాల్లో ఉరుములు వినిపిస్తే ఇంకో ఆలోచన వద్దు, నీళ్లలోంచి బయటకు రావాల్సిందే. ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. పుణెలోని ఉష్ణమండల వాతావరణ సంస్థ తయారుచేసిన ‘దామిని’ యాప్ దగ్గర్లో పిడుగులు పడే సూచన ఉంటే చెబుతుంది. సముద్రానికి వెళ్లేవాళ్లకు హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ‘ఇన్‌కాయిస్’ ఇచ్చే అలల హెచ్చరికలు ఉండనే ఉన్నాయి. ఎక్కడో బంగాళాఖాతంలో వాయుగుండం పుడితే ఇక్కడ ఎండ కాస్తున్నా పెద్ద కెరటాలు రావచ్చు. ఆకాశాన్ని చూసి సముద్రాన్ని అంచనా వేయకూడదు.

జలాశయాల్లో కనిపించని చిక్కులు వేరు. చేపల వలలు, మునిగిన చెట్ల మోళ్లు, నాచు. ఆనకట్టలు, బ్యారేజీల దరిదాపులకు అసలు పోకూడదు. చిన్న ఆనకట్ట మీద నుంచి పల్చగా జారే నీరు చూడటానికి ముచ్చటగా ఉంటుంది కానీ, కింద సుడి తిరిగి మళ్లీ గోడ వైపే లాగుతుంది. అందులో చిక్కిన పడవనూ మనిషినీ ఒక పట్టాన వదలదు.

మోకాలి లోతు మంత్రం

ఇక ఎక్కడం. కయాక్ బరువు 20 నుంచి 30 కిలోలు. ఇద్దరు చెరో కొస పట్టుకుని నీళ్లలోకి మోసుకెళ్లాలి. ఒడ్డు మీదే ఎక్కి కూర్చుని తోయమనడం చాలామందికి అలవాటు. అడుగు నేలకు ఆని, ముందు భాగం మాత్రమే తేలుతున్న పడవ అటూ ఇటూ ఒరిగిపోతుంది. పూర్తిగా తేలాకే అది కుదురుగా ఉంటుంది. మోకాలి లోతుకు కాస్త తక్కువ నీరు సరిపోతుంది.

పడవ పక్కన నిలబడి, ముందు తెడ్డును చేతికందేలా పెట్టుకోవాలి. తర్వాత చేయాల్సిన పని ఒక్కటే, కాళ్లను మరిచిపోయి నడుం గురించి ఆలోచించడం. సీటుకు వీపు తిప్పి, వంగి, పిరుదులు సరిగ్గా సీటు మధ్యలోకి దించాలి. కాళ్లు ఇంకా బయట నీళ్లలోనే, నేల మీదే ఉంటాయి. బరువు కుదురుకున్నాక ఒక్కో కాలూ ఎత్తి లోపలికి తిప్పుకోవాలి. అంతే. పడిపోయేవాళ్లంతా దీన్ని తిరగేసి, ముందు కాలు పెడతారు. నిలబడిన మనిషి బరువంతా పైన ఉంటుంది, కింద పడవ వెడల్పు రెండున్నర అడుగులు. ఉయ్యాలలో నిలబడ్డట్టే.

లోపల కూర్చునే రకానికి తెడ్డు సాయం కావాలి. సీటు వెనక, పడవకు అడ్డంగా తెడ్డు పెట్టి, దాని ఒక కొస ఒడ్డు వైపు నేలకు ఆనేలా చూసుకోవాలి. పడవ అంచునూ తెడ్డు కాడనూ కలిపి వెనక చేత్తో పట్టుకుని, కొద్దిగా ఒడ్డు వైపే మొగ్గి, కూర్చుని, కాళ్లు లోపలికి జార్చాలి. బరువంతా తెడ్డు మీద మోపితే కాడ విరుగుతుంది. అది ఆసరా మాత్రమే, కుర్చీ కాదు.

జెట్టీ మీద నుంచైతే ఎత్తు తక్కువున్న చోటు వెతుక్కోవాలి. పడవను జెట్టీకి సమాంతరంగా ఆనించి, అంచున కూర్చుని, రెండు పాదాలనూ పడవ నడిమధ్యలో పెట్టి, ముందు వైపు తిరిగి, ఆలస్యం చేయకుండా కిందికి దిగి కూర్చోవాలి. సగం జెట్టీ మీద, సగం పడవలో ఉండి ఆలోచించకూడదు. ఆ ఆలోచన పూర్తయ్యేలోపు పడవ వెళ్లిపోతుంది.

దిగడం కూడా ఇదే, వరస తిరగేస్తే చాలు. కాళ్లు బయటకు, నేల తగిలాక నడుం పైకి. మూడు గంటలు హుందాగా తిరిగొచ్చి, ఒడ్డున అందరి ముందూ బోర్లా పడేది ఈ చివరి నిమిషంలోనే.

కెరటాల ముందు

సముద్రం మొదటి రోజు పాఠం కాదు. చెరువులో చేయి తిరిగాక, శిక్షకుడు పక్కనుంటేనే. ఒక సూత్రం మాత్రం సరదాకి పడవ పట్టుకుని ఇసుకలో ఫొటో దిగేవాళ్లకు కూడా తెలియాలి. పడవకూ ఒడ్డుకూ మధ్యలో ఎప్పుడూ నిలబడకూడదు. పడవ అడ్డం తిరిగి, నీళ్లు నిండి, వెనక నుంచి కెరటం తోస్తే ఆ బరువంతా వచ్చి తగిలేది మోకాళ్లకే.

దిగేముందు పది పదిహేను నిమిషాలు ఊరికే చూడాలి. కెరటాలు గుంపులుగా వస్తాయి. పెద్దవి వరసగా విరిగాక కాస్త తెరిపి దొరుకుతుంది. ఆ తెరిపిలో ముక్కు తిన్నగా అలకు ఎదురుగా పెట్టి, ఎక్కి, ఆగకుండా తెడ్డు వేయాలి. అల మీదికి వస్తుంటే వెనక్కి వాలడం సహజంగా చేసే పని, అదే తప్పు. ముందుకు వంగి, తెడ్డు నీళ్లలో గుచ్చి లాగాలి.

రెండు పక్కలా అలలు విరుగుతూ, మధ్యలో ఒకచోట మాత్రం నీరు నిమ్మళంగా కనిపిస్తే అక్కడ దిగాలనిపిస్తుంది. ఒడ్డుకు చేరిన నీరు మళ్లీ లోపలికి లాక్కుపోయే దారి చాలాసార్లు అదే. అందులో పడితే ఎదురు పోరాడకుండా, ఒడ్డుకు సమాంతరంగా పక్కకు తెడ్డు వేసి బయటపడాలి.

ఆరితేరినవాళ్లకూ ఈ నియమాలు వర్తిస్తాయా అంటే, జినో వాట్కిన్స్ కథ చూడాలి. 1930-31లో గ్రీన్‌లాండ్ యాత్రకు నాయకత్వం వహించిన ఈ బ్రిటిష్ యువకుడు అక్కడి వేటగాళ్ల దగ్గరే కయాక్ నేర్చుకున్నాడు, తలకిందులైన పడవను తెడ్డుతో మళ్లీ పైకి తిప్పే విద్యతో సహా. 1932 ఆగస్టు 20న సీల్ వేటకు ఒంటరిగా వెళ్లాడు. సహచరులకు ఖాళీ కయాక్ దొరికింది, మనిషి దొరకలేదు. అప్పటికి అతడి వయసు 25.

కాబట్టి ఒంటరిగా వద్దు. ఎక్కడ దిగుతున్నారో, ఎన్నింటికి వస్తారో ఇంట్లో ఎవరికైనా చెప్పి వెళ్లండి. తిరగబడితే పడవను వదలకండి, తేలే పడవ దూరం నుంచి కూడా కనిపిస్తుంది. నీరు నడుం లోతున్న చోట, పక్కన తెలిసినవాళ్లుండగా, ఒకసారి కావాలనే బోల్తా పడండి. పడవను సరిచేసి, కాళ్లు తాటిస్తూ దాని మీదికి పొట్టతో పాకి, వెల్లకిలా తిరిగి, కూర్చోవడం ప్రయత్నించండి. అది చేతనైతేనే లోతుకు వెళ్లండి. అద్దెకిచ్చేవాళ్లను డబ్బు కట్టేముందే అడగండి, ఎక్కడం, దిగడం, బోల్తా పడితే మళ్లీ ఎక్కడం చూపిస్తారా అని. చూపించం అంటే ఆ పడవ మీకు వద్దు, ఇంకోచోట అడగండి.