పాత శుభలేఖలతో జ్ఞాపకాల పుస్తకం

మోర్తాడ్: పెళ్లిళ్ల కాలం ముగియగానే శుభలేఖలు, ఏడాది మారగానే క్యాలెండర్లు చెత్త పాలవుతున్నాయి. వాటిలోని బొమ్మలతో ఇంటివద్దే జ్ఞాపకాల పుస్తకం తయారు చేసుకోవచ్చు. చేతి కాగితం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మెట్‌పల్లి దాటితే వచ్చే కోరుట్లలో నిజాం కాలంలో తయారైన కాగితాన్ని పట్వారీలు లెక్కల పుస్తకాలకు వాడేవారు.

ఇలా చేయాలి: ఒకవైపే ముద్రించిన నాలుగు ఏ4 కాగితాలను మధ్యకు మడిస్తే 16 పేజీలు వస్తాయి. శుభలేఖ అట్టను పైన ఉంచి, మడతపై దబ్బనంతో మూడు రంధ్రాలు చేయాలి. దారాన్ని మధ్య రంధ్రం నుంచి బయటకు, పై రంధ్రం నుంచి లోపలికి, కింది రంధ్రం నుంచి బయటకు తీసి, మళ్లీ మధ్యలోంచి లోపలికి తెచ్చి ముడి వేయాలి. ముద్రణ ఉన్న పేజీల్లో ఉడికించిన మైదా జిగురుతో బొమ్మలు అతికించి, ఖాళీ పేజీల్లో రాసుకోవచ్చు.

గల్ఫ్ నుంచి వచ్చిన ఉత్తరాలు, పాత ఫొటోలకు మాత్రం జిగురు పూయరాదు. అంటుకుంటే చిరగకుండా ఊడిరావు. శుభలేఖ కవరును పేజీకి అతికించి అందులో భద్రపరచాలి. వార్తాపత్రిక కాగితం త్వరగా రంగు మారి పెళుసవుతుంది కనుక జిరాక్స్ తీయించి వాడాలి.

బొమ్మ కత్తిరించేముందు శుభలేఖను ఒకసారి చదవాలి. తాతల పేర్లు, ఊరు, పెళ్లి తేదీ ఒక్కచోట ఉన్న కాగితం ఆ ఇంట్లో అదొక్కటే కావచ్చు.