దాదీమా నగల పెట్టె: కరిగించే ముందు ఒక్కసారి చూడండి

ఇంటి పెద్దావిడ అల్లాహ్ సన్నిధికి చేరిన కొద్దిరోజులకే నగల పెట్టె ప్రస్తావన వస్తుంది. వారసులు దాన్ని కంసాలి దగ్గరికి తీసుకెళతారు. ఆయన లక్కనూ రాళ్ళనూ తీసేసి నికర బంగారం ఇంతని చెబుతాడు. అంతా కరిగించి పంచుకుంటే ఏ గొడవా ఉండదని చాలామంది భావిస్తారు. నిజానికి అన్యాయం జరిగే అవకాశం అక్కడే ఉంది. అసలైన బస్రా ముత్యాల పేటను పూసల కింద జమకడితే ఒకరు నష్టపోతారు. వెండిపూత డబ్బాను వెండి అనుకుని తీసుకుంటే మరొకరు నష్టపోతారు. కరిగిన నగ మళ్ళీ రాదు. కనుక పంపకానికి ముందే ఏది ఏమిటో, ఏ కాలం నాటిదో తెలుసుకోవాలి.

రెండు సిక్కాల ఊరు

సికింద్రాబాద్ ఇళ్ళలోని పెట్టెలకు ఒక ప్రత్యేకత ఉంది. మూడవ నిజాం సికిందర్ జా పేరుతో 1806లో వెలసిన ఈ ఊరు బ్రిటిష్ సైన్యపు కంటోన్మెంటు. హుసేన్ సాగర్‌కు అవతల నిజాం హాలీ సిక్కా చెలామణి అయితే, ఇక్కడ ఇంగ్లీషువారి కల్దార్ రూపాయి కూడా నడిచేది. ఆరు కల్దార్లకు ఏడు ఉస్మానియా సిక్కాలు మారకం. అందుకే ఇక్కడ ఒకే పెట్టెలో పాతబస్తీ పనితనపు చింతాక్, దాని పక్కనే ఇంగ్లాండులో తయారైన పౌడర్ డబ్బా కనిపించవచ్చు. చింతాక్ వయసును దాని పనితనం చెబుతుంది. డబ్బా వయసును దాని మీది ముద్రలు చెబుతాయి.

నాణెం చెప్పే సాక్ష్యం

అష్రఫీల హారం ఉంటే పని సులువు. నిజాం నాణేల మీద హిజ్రీ సంవత్సరం ఉంటుంది. చార్మినార్ బొమ్మ ఉన్న నాణెంలో ద్వారం మధ్యనున్న అక్షరం చూడండి. 'మీమ్' ఉంటే ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ కాలానిది. 'ఐన్' ఉంటే 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాలానిది. ఈ నాణేల మీద కనిపించే 92 అంకెను సంవత్సరం అనుకోరాదు. అబ్జద్ లెక్కలో అది ప్రవక్త ముహమ్మద్ (స) నామానికి వచ్చే సంఖ్య: మీమ్ 40, హా 8, మీమ్ 40, దాల్ 4.

హిజ్రీ సంవత్సరంలో నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలిపితే ఇంచుమించుగా క్రీస్తుశకం వస్తుంది. 1330లోంచి 40 తీసి 622 కలపండి, 1912 అవుతుంది. అయితే నాణెం వయసే హారం వయసు కాదు. అన్నిటికంటే కొత్త నాణెం ఏదో చూడాలి. హారం ఇప్పుడున్న రూపానికి వచ్చింది ఆ తర్వాతే.

జడావీ, ముత్యాలు

జడావీ నగలో రాయి చుట్టూ మేలిమి బంగారపు రేకు నొక్కి ఉంటుంది. లోపల లక్క నింపుతారు. నగను తిప్పి వెనుకవైపు చూడండి. మీనా పనిలో చిన్న చిన్న తేడాలు, ఒకదానితో ఒకటి కచ్చితంగా సరిపోలని రాళ్ళు చేతిపనికి గుర్తులు. చేతిపని ఈనాటికీ జరుగుతోంది కనుక కొక్కెం దగ్గర, ఒంటికి తగిలే అంచుల దగ్గర అరుగుదల కూడా గమనించాలి. దారం సాక్ష్యం చెల్లదు. పట్వాలు దాన్ని మార్చి గుచ్చుతూనే ఉంటారు.

హాల్‌మార్కు లేదని అనుమానించనక్కరలేదు. మన దేశంలో బంగారానికి ఆ ముద్ర మొదలైందే 2000లో. 2021లో దాన్ని తప్పనిసరి చేసినప్పుడు కూడా కుందన్, పోల్కీ, జడావీ నగలకు మినహాయింపు ఇచ్చారు. ఇక కెంపుల విషయం. కృత్రిమ కెంపు తయారీ పద్ధతిని ఫ్రాన్సులో వెర్నూయ్ 1902లోనే ప్రకటించాడు. కాబట్టి పాత నగలో ఉన్నంతమాత్రాన కెంపు సహజమైనదని చెప్పలేం.

ముత్యాన్ని పంటికి రాసి చూడడం మన ఇళ్ళలో అలవాటే. గరుకుగా తగిలితే అది గాజు కాదని తెలుస్తుంది, అంతే. సహజమైనదా, పెంచినదా అన్నది ప్రయోగశాలలో ఎక్స్‌రే తీస్తేనే తేలుతుంది. జపాన్‌లో మికిమోతో పెంచిన గుండ్రటి ముత్యాలు మార్కెట్లోకి వచ్చింది 1920లలో. పేట అంతకు ముందుదని రుజువైతే పరీక్ష తప్పక చేయించాలి. బస్రా ముత్యాలకు అంత విలువ ఎందుకో నిజాం నగలు చూసినవారికి తెలుసు. భారత ప్రభుత్వం 1995లో 218 కోట్ల రూపాయలకు కొన్న ఆ 173 నగల్లో ఏడుపేటల బస్రా ముత్యాల సత్‌లడా ఒకటి. వాటిని సాలార్‌జంగ్ మ్యూజియంలో 2001, 2006లలో ప్రదర్శించారు.

పౌడర్ డబ్బాల సంగతి

అద్దం, పఫ్ ఉండే చిన్న పౌడర్ డబ్బాను తేలిగ్గా తీసి పారేయకండి. మూత లోపలి అంచును భూతద్దంతో చూడండి. నడుస్తున్న సింహం ముద్ర ఉంటే ఇంగ్లాండు వెండి. పక్కన లంగరు బొమ్మ ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది. మరో అక్షరం సంవత్సరాన్ని సూచిస్తుంది. ఏటా అక్షరం మారుతుంది. ఇ.పి.ఎన్.ఎస్. అని ఉంటే అది వెండిపూత మాత్రమే. స్ట్రాటన్ పేరుతో వచ్చిన డబ్బాలు ఎక్కువగా ఇత్తడి మీద ఎనామిల్ పనివి. 'ఆక్యుపైడ్ జపాన్' అని ఉంటే అది రెండో ప్రపంచయుద్ధం తర్వాత, 1952లోపు తయారైనది.

పాత చీటీలు దాచండి

పెట్టె అడుగున ఉన్న రసీదులను పారేయవద్దు. రూపాయలు, అణాలలో లెక్క ఉంటే అది దాదాపుగా 1957కు ముందుది. ఆ ఏడాది ఏప్రిల్‌లోనే నయాపైసలు వచ్చాయి. పాత తులం 11.66 గ్రాములు. ఈనాడు చాలామంది తులమంటే పది గ్రాములంటున్నారు. పది తులాల దగ్గర ఈ తేడా 16 గ్రాములు దాటుతుంది. వారసుల మధ్య అనుమానాలు పుట్టడానికి ఇది చాలు.

వాటా, జకాత్

అమ్మ నగలు కూతుళ్ళకే చెందుతాయన్న మాట మనలో ఉంది. షరీఅత్ ప్రకారం అప్పులు, వసీయత్ పోగా మిగిలినదంతా తర్కా. అందులో వారసులందరికీ నిర్ణీత వాటా ఉంది. ఆమె బతికుండగా ఇచ్చి, చేతికి అప్పగించినది హిబా కనుక అది వేరు. జకాత్ విషయంలోనూ స్పష్టత అవసరం. హనఫీ ఫిఖ్హ్‌లో బంగారం నిసాబ్ ఏడున్నర తులాలు, అంటే 87.48 గ్రాములు. వాడుకునే నగలోని రాళ్ళకు, ముత్యాలకు జకాత్ లేదు. జడావీ నగను మొత్తంగా తూచి జకాత్ కడితే లెక్క తప్పుతుంది.

కాబట్టి సోదరీ సోదరులారా, వారసులందరి ఎదుట పెట్టె తెరవండి. ప్రతి వస్తువుకూ ముందూ వెనుకా ఫోటో తీయించండి. తూకం, ముద్రలు, పెద్దలు చెప్పిన మాటలు ఒక కాగితం మీద రాసి అందరూ సంతకాలు చేయండి. జడావీని నీళ్ళతో కడగవద్దు. తడి లోపలికి పోతే రాళ్ళు నల్లబడతాయి. జనరల్ బజార్‌లోనో, పాట్ మార్కెట్‌లోనో కనీసం ఇద్దరికి చూపించండి. బంగారం స్వచ్ఛతను హాల్‌మార్కింగ్ కేంద్రంలో పరీక్షింపజేయండి. ఇంట్లో ఫుప్పీ, ఖాలా వంటి పెద్దలు బతికి ఉంటే ఏ నగ ఎవరి మెహర్‌గా వచ్చిందో, ఏ షాదీకి చేయించారో ఈ వారమే అడిగి తెలుసుకోండి. ఆ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పలేదు.