ట్రాక్టరునకు అదనపు దీపములు అమర్చుకొను విధము

మార్కాపురము, గిద్దలూరు ప్రాంతముల మెట్టపొలములకు పదును దొరకుట అరుదు. వాన కురిసిన మూడు నాలుగు దినములలోనే దుక్కియు, విత్తుటయు ముగియవలెను. అందుచేత బాడుగ ట్రాక్టర్లు రాత్రులు కూడ నడచుచున్నవి. ముందుదీపములు దారి చూపునేగాని వెనుకనున్న గొఱ్ఱును చూపజాలవు. కావున అనేకులు వెనుక మడ్గార్డులపై రెండు, పైకప్పునకు రెండు దీపములు తగిలించుకొనుచున్నారు. దీపము కొనుట సులభమే; తీగ లాగుటలోనే పొరపాటు జరుగుచున్నది.

రెండేండ్ల క్రిందట గిద్దలూరు దాపున ఒక గ్రామములో నేనట్టి పొరపాటును కన్నులార చూచితిని. ఒక రైతు బ్యాటరీ నుండి సన్నని తీగను ఫ్యూజు లేకుండ స్విచ్చికిని, అచటి నుండి దీపములకును లాగియుండెను. రేకు అంచున ఒరసికొని తీగపై తొడుగు అరిగెను. రాగి రేకునకు తగిలెను. క్షణములో పొగ లేచెను. వెనుక ట్రాలీ నిండ జొన్నచొప్ప! డ్రైవరు స్పానరుతో బ్యాటరీ తీగ ఊడదీయుటచే బండియు, మేతయు దక్కినవి.

ఇందలి లెక్క చిన్నది. బ్యాటరీ 12 వోల్టులది, దీపము 55 వాట్లది అయినచో, 55ను 12చే భాగింపగా నాలుగున్నర ఆంపియర్లకు పైగా వచ్చును. రెండు దీపములకు తొమ్మిదికి మించును. ఇంత విద్యుత్తును చిన్న స్విచ్చి గుండ పోనిచ్చినచో లోపలి రేకులు కాలి కరగును. దీనికి విరుగుడు రిలే యను చిన్న డబ్బీ. కంభము చెరువు తూము తలుపెత్తువాడు మర త్రిప్పునేగాని నీరు వాని చేతిగుండ పారదు గదా! స్విచ్చి ఆ చేతివంటిది, రిలే తూమువంటిది.

రిలే కాళ్లపై అంకెలుండును. బ్యాటరీ పాజిటివు నుండి వచ్చు తీగను 30కి కలుపవలెను. ఈ తీగలో, బ్యాటరీకి జానెడు దూరములోపలనే, 15 ఆంపియర్ల ఫ్యూజుండవలెను. దూరముగా నున్నచో బ్యాటరీకిని ఫ్యూజునకును నడుమ తీగకు రక్షణ లేదు. 87 నుండి దీపములకు, 85 నుండి బండి ఇనుమునకు, 86 నుండి స్విచ్చికి తీగలు పోవును. స్విచ్చికి తాళపుచెవి త్రిప్పినప్పుడే విద్యుత్తు వచ్చు తీగనుండి, చిన్న ఫ్యూజు ద్వారా, విద్యుత్తునిండు. లేనిచో దీపము లార్ప మఱచిన రాత్రి 75 ఆంపియరు-గంటల బ్యాటరీ ఎనిమిది గంటలలో వట్టిపోవును. తెల్లవారి ఇంజను కదలదు. దీపముల తీగ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది కావలెను. స్విచ్చి తీగ సన్ననిదైనను చాలును. నాలుగు దీపములున్నచో జతకొక రిలే, జతకొక ఫ్యూజు, స్విచ్చిపలకపై జతకొక స్విచ్చి పెట్టవలెను. పలకను వానజల్లు తగులని చోట, చేతికందునట్లు బిగించి, ఏది దేనిదో రంగుతో వ్రాసికొనుడు.

పని ఆరంభించునపుడు ముందు బ్యాటరీ నెగటివు తీగ విప్పవలెను. బిగించునపుడు అదియే చివర. తీగ రేకు రంధ్రములో దూరుచోట రబ్బరు వలయము తప్పదు. దీపము మసకగా వెలుగుటకు తఱచు కారణము బండి ఇనుముతో కలియుచోట రంగు గీకకపోవుటయే. తెల్లని ఇనుము కనబడువఱకు గీకి, బోల్టు బిగించి, పైన గ్రీజు పూయుడు.

పది నిమిషములు వెలిగించి తీగను తాకి చూడుడు. వేడెక్కినచో తీగ సన్నము, లేదా అతుకు వదులు. ఫ్యూజు పోయినచో కారణము వెదకవలెనేగాని సిగరెట్టు పెట్టెలోని వెండికాగితము చుట్టరాదు. ఆ పని చేయువారు మన యూళ్లలో లేకపోలేదు!

పొలము వదలి రోడ్డెక్కగానే వెనుక దీపముల నార్పుడు. దిగువమెట్ట దాటి నల్లమల కనుమలో నంద్యాలకు పోవునపుడు, వెనుక వచ్చు లారీవానికి మీ తెల్లని వెలుగు ఎదురువచ్చు బండివలె తోచును. మలుపులలో అది ప్రాణాపాయము. ట్రాలీ వెనుక ఎఱ్ఱదీపముండవలెను.

కొట్టములో నెలల తరబడి నిలిపిన ట్రాక్టరు తీగలను ఎలుకలు కొఱుకును. తొలకరికి ముందొక పూట వానిని పరీక్షించి, కొఱికిన తీగకు పట్టీ చుట్టక క్రొత్త తీగనే వేయుడు.