జీతం పెరిగితే ఉద్యోగం మారాలా?

"పిన్నిగారూ, మూడు వేలు ఎక్కువిస్తామంటున్నారు. వెళ్లిపోనా?"

నేను దొండకాయలు తరుగుతుంటే ఎదురింటి అమ్మాయి వచ్చి, వంటింటి గడప దగ్గర చతికిలబడి అడిగిన మాట ఇది. ఇరవై తొమ్మిదేళ్ల పిల్ల. ఇంటర్ పాసైంది. మా రాజమండ్రి దానవాయిపేటలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో నాలుగేళ్లుగా నర్సింగ్ అసిస్టెంటుగా చేస్తోంది. పేషెంట్లకి ఒళ్లు తుడవడం, పక్కదుప్పట్లు మార్చడం, బెడ్‌పాన్ పెట్టడం, బి.పి., టెంపరేచరు రాసిపెట్టడం... అన్నీ తనే. జీతం 11,000. ఇప్పుడు ఊరి బయట హైవే మీద ఒక పెద్ద ఆసుపత్రిలో 14,000 ఇస్తామన్నారట.

ఎవరైనా ఏమంటారు? "వెళ్లవే, ఇంకా ఆలోచన ఎందుకూ!" అంటారు. నేనూ అనబోయి ఆగాను. ఆ ఇంట్లో పక్షవాతంతో మంచాన పడ్డ తల్లి ఉంది. తమ్ముడు మోటారు షాపులో పనికి పోయి రాత్రికి గానీ రాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి ఈ పిల్లే నర్సింగ్‌హోమ్ నుంచి నడిచొచ్చి, తల్లిని పక్కకి తిప్పి, నాలుగు ముద్దలు పెట్టి, రెండింటికి మళ్లీ డ్యూటీకి పోతుంది. ఆ గంటకి డాక్టరమ్మగారు ఏనాడూ అడ్డు చెప్పలేదు. హైవే మీదకి వెళితే ఆ గంట దొరకదు. మరి ఆ గంటకి ఖరీదెంత?

అందుకే పాల లెక్క పుస్తకంలోంచి ఒక కాగితం చింపి ముందు పెట్టుకున్నాం.

చెప్పే జీతం, చేతికొచ్చే జీతం

14,000 అంతా చేతికి రాదమ్మా. పి.ఎఫ్. కింద 12 శాతం, అంటే 1,680 కోస్తారు. ఇ.ఎస్.ఐ. కింద ముప్పావు శాతం, అంటే 105. మిగిలింది 12,215. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకి టిక్కెట్టు లేదు కాబట్టి ఆ ఖర్చు తప్పింది. కానీ ఇంటి దగ్గర్నుంచి బస్టాండుకి షేర్ ఆటో రానూపోనూ 40. ఇరవై ఆరు రోజులకి 1,040. అదీ పోతే మిగిలేది 11,175.

మూడు వేలనుకున్నది 175 రూపాయలైంది! పిల్ల మొహం చిన్నబోయింది. "దూరపు కొండలు నునుపని ఊరికే అన్నారా పిన్నిగారూ" అంది. ఇక్కడే చాలామంది కాగితం మడిచేస్తారు. మీరు అలా చెయ్యకండి. లెక్క సగమే అయింది.

కనపడని డబ్బు

కోసుకున్న 1,680 ఎక్కడికీ పోదు, తన పేరనే ఉంటుంది. యజమాని కూడా అంతే కట్టాలి. అందులో 514 దాకా పి.ఎఫ్.లో చేరుతుంది, మిగతా 1,166 పింఛను పథకానికి వెళుతుంది. అంటే నెలకి రెండు వేల పైచిలుకు తన ఖాతాలో పడ్డట్టే, దానికి వడ్డీ కూడా. పదేళ్ల సర్వీసు నిండితే ముసలితనంలో పింఛను. ఒక్కచోటే పదేళ్లు చెయ్యనక్కర్లేదు. అదే యు.ఎ.ఎన్. నంబరు మీద పాత ఖాతాని కొత్త చోటికి మార్చుకుంటే ఏళ్లన్నీ కలుస్తాయి. ఉద్యోగం మారినప్పుడల్లా డబ్బు తీసేసుకుని టీవీ కొనేవాళ్లు ఆ ఏళ్లనే పోగొట్టుకుంటున్నారు.

ఇక ఇ.ఎస్.ఐ. 21,000 లోపు జీతం వాళ్లకి ఇది వర్తిస్తుంది. ఉద్యోగికే కాదు, ఆధారపడిన తల్లిదండ్రులకి కూడా వైద్యం ఉంది. రాజమండ్రిలో ఇ.ఎస్.ఐ. ఆసుపత్రీ ఉంది. మామూలు వైద్యం పేరు నమోదైన దగ్గర్నుంచీ దొరుకుతుంది, పెద్ద చికిత్సలకి కొన్నాళ్లు చందా కట్టి ఉండాలి. తల్లి మందులకే ఈ పిల్లకి నెలకి పద్దెనిమిది వందలవుతోంది. పెళ్లయి పిల్లలు పుడితే 26 వారాల ప్రసూతి సెలవూ ఉంది.

మరి నర్సింగ్‌హోమ్‌లో ఇవెందుకు లేవు? అక్కడ పనిచేసేది తొమ్మిది మందే. ఇ.ఎస్.ఐ.కి పది మంది, పి.ఎఫ్.కి ఇరవై మంది ఉండాలి. డాక్టరమ్మగారి తప్పేం లేదు. ఆవిడ మంచితనం ఆవిడున్నన్నాళ్లు ఉంటుంది. చట్టం ఇచ్చేది ఎవరున్నా లేకపోయినా ఉంటుంది. తేడా అదీ.

హైదరాబాదు కబురు

ఇంకో కబురు కూడా ఉంది. హైదరాబాదులో ముసలివాళ్లని ఇంట్లో ఉండి చూసుకుంటే 22,000, తిండీ వసతీ వాళ్లదే. వినడానికి బాగానే ఉంది. కానీ ఇరవైనాలుగ్గంటల డ్యూటీ. పేషెంటు పోతే ఆ రోజుతో పని కూడా పోతుంది, మళ్లీ కబురొచ్చేదాకా జీతం లేదు. "పరాయి తల్లిని పగలూ రాత్రీ చూసుకోడానికి మా అమ్మని వదిలి వెళ్లాలా?" అని తనే కొట్టేసింది.

మన గోదావరి జిల్లాల నుంచి కువైట్, మస్కట్ వెళ్లినవాళ్లని చూసి ఆశపడే అమ్మాయిలకి ఒక మాట. ప్రభుత్వంలో నమోదైన ఏజెంటు దగ్గరకే వెళ్లండి. వాళ్లు తీసుకోగలిగేది 30,000, పైన జి.ఎస్.టి. మాత్రమే. విజిటింగ్ వీసా మీద ముందు ఎక్కించేస్తామంటే మాత్రం కదలకండి.

ఎదుగుదల ఎక్కడ?

నేనడిగిన ఆఖరి ప్రశ్న ఇది: "రెండేళ్ల తర్వాత నువ్వేం నేర్చుకుని ఉంటావు?" ఇంటర్ పాసైన పిల్లకి ఎ.ఎన్.ఎం. రెండేళ్లు, జి.ఎన్.ఎం. మూడేళ్లు. చేరడానికి వయసు 35 దాటకూడదు. తనకింకా ఆరేళ్లుంది. నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపున్న స్కూలో కాదో చూసుకుని మరీ చేరాలి.

మన రాజమండ్రిలో 1909లో పుట్టిన దుర్గాబాయమ్మగారు కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకి తొలి అధ్యక్షురాలు. చదువు మధ్యలో ఆగిపోయిన ఆడవాళ్ల కోసం ఆ బోర్డు 1958లో సంక్షిప్త కోర్సులు పెట్టింది. పెద్దయ్యాక కూడా చదువుకుని నర్సులు, టీచర్లు కావచ్చని ఆ రోజుల్లోనే అనుకున్నారు. ఇరవై తొమ్మిదేళ్లు ఒక వయసా!

చివరికి ఏమైంది?

"నైట్ డ్యూటీ వేయించుకుని పగలు అమ్మ దగ్గరుంటా" అంది. "మరి నిద్ర ఎప్పుడే?" అన్నాను. మాట్లాడలేదు.

అప్పుడు తట్టింది, అసలు మనిషిని మేమెవ్వరం అడగలేదని. ఇద్దరం వెళ్లి అడిగాం. ఆవిడకి మాట సరిగ్గా రాదు. అంతా విని, పనిచేసే ఆ ఒక్క చేతిని ఎత్తి వీధివైపు చూపించింది. వెళ్లమని.

ఒంటిగంటకి నేను వెళతానన్నాను. నేను ఊళ్లో లేనప్పుడు పక్కింటి అక్కయ్యగారు వెళతారు. ఎలా తిప్పాలో, వీపు మీద పుండ్లు పడకుండా ఏం చూడాలో ఆ పిల్లే మా ఇద్దరికీ నేర్పింది. నర్సింగ్‌హోమ్‌లో నెల ముందే చెప్పి, అనుభవ పత్రం తీసుకుని, ఒకటో తారీఖున కొత్త చోట చేరింది. ఇల్లు అలకగానే పండగ కాదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి ఏడున్నర అవుతోంది. తల్లి అప్పటిదాకా వీధి గుమ్మం వైపే చూస్తూ ఉంటుంది. ఆ లెక్క నా కాగితంలో లేదు.

అందరికీ ఇదే సరైన దారి అనను. పసిపిల్లల తల్లికి నడిచి వెళ్లే దూరమే లాభం కావచ్చు. మీ కాగితం మీరే రాసుకోండి.

చేరేముందు అడగవలసినవి

* నియామక పత్రం రాతపూర్వకంగా ఇస్తారా? 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కార్మిక చట్టాల్లో ఇది ఉంది.
* కోతలన్నీ పోగా చేతికి ఎంత వస్తుంది?
* పి.ఎఫ్., ఇ.ఎస్.ఐ. మొదటి నెల నుంచే కడతారా?
* నెలకి ఎన్ని రాత్రులు? ఆడవాళ్లకి నైట్ డ్యూటీ వాళ్ల సమ్మతితోనే వెయ్యాలి.
* ఇంజెక్షన్లు చెయ్యమంటారా? అది రిజిస్టరైన నర్సు పని. మొహమాటపడి ఒప్పుకోకండి.
* హెపటైటిస్-బి టీకా వేయిస్తారా? మూడు డోసులు: మొదటి రోజు, నెలకి, ఆరు నెలలకి. సూది గుచ్చుకునే ప్రమాదం మీకూ ఉంది.