ఏడడుగుల రెండంగుళాల మనిషి... అంతకంటే పొడుగైన కథ!

పసుపుపచ్చ డ్రెస్సులో ఉన్న బ్రూస్‌లీ ఛాతీ మీద ఇంత పొడుగు పాదముద్ర! 'గేమ్ ఆఫ్ డెత్' చూసినవాళ్ళకు ఆ షాట్ గుర్తుండే ఉంటుంది. ఎదురుగా నిలబడితే బ్రూస్‌లీ తల అవతలివాడి ఛాతీ దాకానే వస్తుంది. హాల్లో ఈలలన్నీ బ్రూస్‌లీకే పడ్డాయి. పడాలి కూడా! కానీ ఆ తన్ను తన్నినవాడెవరని అడిగితే మాత్రం, "ఎవరో పొడుగాయన, అమెరికావాడట" అనేవాళ్ళే ఎక్కువ.

ఆ పొడుగాయన పేరు కరీం అబ్దుల్ జబ్బార్. ఎత్తు 7 అడుగుల 2 అంగుళాలు. బాస్కెట్‌బాల్‌లో దాదాపు నలభై ఏళ్ళపాటు ఎవరూ అందుకోలేని రికార్డు అతనిది. అతనే నటుడు, నిర్మాత, రచయిత కూడా. జనం తన పొడుగునే చూస్తుంటే, "నాలో ఇంకా చాలా ఉందయ్యా" అని చెప్పడానికి ఈ మనిషి ఎంత తంటాలు పడ్డాడో తెలుసుకున్నకొద్దీ నాకు అతని ఆట కంటే అతని జీవితమే ఎక్కువ ఆసక్తిగా అనిపించింది.

హార్లెం వీధుల్లో కుర్ర విలేఖరి

1947 ఏప్రిల్ 16న న్యూయార్క్‌లో పుట్టాడు. అప్పటి పేరు లూ ఆల్సిండర్. తండ్రి సంగీతం చదువుకున్నవాడు, జాజ్ వాయిద్యకారుడు. కానీ ఇల్లు గడవడానికి చేసింది పోలీసు ఉద్యోగం. కొడుక్కి తండ్రి నుంచి పొడుగూ వచ్చింది, జాజ్ పిచ్చీ వచ్చింది. చదివిన పవర్ మెమోరియల్ హైస్కూలు జట్టు అతని హయాంలో వరసగా 71 ఆటలు గెలిచింది.

ఇంతకీ చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1964 వేసవిలో, పదిహేడేళ్ళ వయసులో ఈ కుర్రాడు హార్లెంలో యువకుల పత్రికా శిక్షణలో చేరి విలేఖరిగా పనిచేశాడు. ఆ హోదాలోనే మార్టిన్ లూథర్ కింగ్ విలేఖరుల సమావేశానికి వెళ్ళాడు. అదే వేసవి జూలైలో హార్లెంలో అల్లర్లు చెలరేగాయి. రైలు దిగి పైకి వచ్చేసరికి వీధిలో తుపాకులు పేలుతున్నాయి. చూసినదాన్ని రాసే పని అతనికి అక్కడే అలవాటైంది.

నిషేధం తెచ్చిన వరం

లాస్ ఏంజెలెస్‌లోని యు.సి.ఎల్.ఎ. విశ్వవిద్యాలయంలో జాన్ వుడెన్ అనే మహానుభావుడు కోచ్. ఆయన శిక్షణలో 1967, 68, 69... వరసగా మూడుసార్లు జాతీయ కళాశాలల చాంపియన్‌షిప్ వాళ్ళదే. మూడేళ్ళలో 88 ఆటలు గెలిచి, ఓడింది రెండే రెండు!

ఎగిరి బంతిని రింగులోకి దించడాన్ని 'డంక్' అంటారు. 1967లో కళాశాల పోటీల్లో దాన్ని నిషేధించారు. పైకి చెప్పిన కారణాలు ఏవైనా, ఆ రూలు ఎవరి కోసం పెట్టారో అందరికీ తెలుసు. ఇంకొకడైతే నీరుగారిపోయేవాడే. ఇతను మాత్రం మరో ఆయుధానికి పదును పెట్టుకున్నాడు. అదే 'స్కైహుక్'. బాస్కెట్ వైపు పక్కకు తిరిగి, చెయ్యి పూర్తిగా పైకి చాచి, చేతి మణికట్టు విదిలింపుతో బంతిని విల్లులా వంపు తిప్పి వదలడం. బంతికీ, ఎదుటి ఆటగాడికీ మధ్య ఇతని శరీరమే అడ్డుగోడ. ఇరవై ఏళ్ళపాటు దానికి విరుగుడు ఎవరికీ దొరకలేదు.

పేరు మారింది... కోపాలూ వచ్చాయి

1968లో మెక్సికో ఒలింపిక్స్. నల్లవాళ్ళకు జరుగుతున్న అన్యాయానికి నిరసనగా అమెరికా జట్టు ఎంపికకే వెళ్ళలేదు. దేశద్రోహి అన్నవాళ్ళున్నారు, బెదిరింపు ఉత్తరాలు రాసినవాళ్ళున్నారు. ఆ ఏడాదే ఇస్లాం స్వీకరించాడు. 1969లో మిల్వాకీ బక్స్ జట్టులో చేరి, 1971లో దాన్ని చాంపియన్‌ని చేశాడు. ఆ విజయం వెంటనే ప్రపంచానికి తన కొత్త పేరు ప్రకటించాడు. కీర్తి శిఖరం మీద నిలబడి, ఆ కీర్తి తెచ్చిన పేరునే వదులుకోవడమంటే మాటలా?

1975లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌కి మారాడు. మొత్తం ఆరు చాంపియన్‌షిప్‌లు, ఆరుసార్లు అత్యుత్తమ ఆటగాడి బహుమతి. 1984 ఏప్రిల్ 5న విల్ట్ చాంబర్లిన్ పాయింట్ల రికార్డు దాటాడు. 1989లో ఆట మానేసేనాటికి 38,387 పాయింట్లు! అప్పటికి వయసు 42. ఇంతకాలం ఎలా ఆడావంటే, మనం గర్వపడే జవాబు చెప్పాడు... యోగా.

బ్రూస్‌లీ పిలుపు

కళాశాల రోజుల్లో యుద్ధవిద్య నేర్చుకోవాలని గురువు కోసం వెతుకుతుంటే బ్రూస్‌లీ పరిచయమయ్యాడు. అప్పటికి బ్రూస్‌లీ కూడా ఇంకా పెద్ద తార కాలేదు. శిష్యుడు స్నేహితుడయ్యాడు. 1972లో బ్రూస్‌లీ హాంకాంగ్‌లో 'గేమ్ ఆఫ్ డెత్' మొదలుపెట్టి కబురు చేశాడు.

కథ చక్కగా అల్లుకున్నాడు. ఒక గోపురం, అంతస్తుకో కాపలావీరుడు. ఒక్కొక్కడిని ఓడిస్తూ హీరో పైకెక్కాలి. ఆఖరి కాపలాదారు మన కరీం. వెలుతురు పడని కళ్ళు అతనివి. హీరో అది కనిపెట్టి కిటికీలు చింపి ఎండ లోపలికి రప్పిస్తాడు. పొడుగును బలంతో కాకుండా బుర్రతో గెలిచే పోరాటం అన్నమాట.

ఈలోగా 'ఎంటర్ ది డ్రాగన్' అవకాశం వచ్చి బ్రూస్‌లీ ఈ చిత్రాన్ని పక్కన పెట్టాడు. 1973 జూలై 20న హఠాత్తుగా కన్నుమూశాడు. మిగిలిన రీళ్ళకు వేరే కథ తగిలించి, డూపులతో పూర్తిచేసి 1978లో విడుదల చేశారు. కొత్త షూటింగ్‌కి కరీం రాలేదు. అందుకే అక్కడక్కడా అతనికీ డూపే! చచ్చిపోయిన స్నేహితుడి పేరుతో అల్లిన కథలో వేషం వెయ్యనన్న అతని పట్టుదల నాకు నచ్చింది. సినిమాలో నిజంగా నిలిచింది ఆ పాత రీళ్ళే.

తనని తానే వెక్కిరించుకున్న కో-పైలట్

1980లో 'ఎయిర్‌ప్లేన్' వచ్చింది. నవ్వీ నవ్వీ పొట్ట చెక్కలయ్యే సినిమా. అందులో కరీంది కో-పైలట్ రోజర్ మర్డాక్ వేషం. మొదట పీట్ రోజ్ అనే బేస్‌బాల్ ఆటగాడి కోసం రాసుకున్న పాత్ర అది, ఆయనకు కుదరక ఇతనికి వచ్చింది. ఇస్తామన్న 30 వేల డాలర్లు చాలవు, 35 వేలు కావాలని ఏజెంటు పట్టుబట్టాడట. కరీం మనసుపడ్డ ఓ తివాచీ ఖరీదు అంత అని దర్శకులే తర్వాత చెప్పుకున్నారు.

కాక్‌పిట్‌లోకి ఒక పిల్లాడు వస్తాడు. నువ్వు కరీంవి కదూ అంటాడు. కాదు బాబూ, నేను మర్డాక్‌ని అంటాడితను. నువ్వు డిఫెన్సులో ఒళ్ళు వంచవని, సరిగా పరుగెత్తవని మా నాన్న అంటాడు అని పిల్లాడు ఉన్నదున్నట్టు అనేస్తాడు. ఇంకేముంది! కో-పైలట్ వేషం ఊడిపోయి కరీం బయటికొచ్చేస్తాడు. పిల్లాడి చొక్కా పట్టుకుని, లానియర్ లాంటి మల్లులతో నలభై ఎనిమిది నిమిషాలు తలపడి చూడమను మీ నాన్నని అని ఉడుక్కుంటాడు.

ఇందులో అసలు కిటుకేమిటంటే, ఆ పిల్లాడి మాటలు నిజంగా కరీం మీద జనం వేసిన నిందలే. విలేఖరులతో ముభావంగా ఉంటాడని, గర్విష్ఠి అని పేరు. అలాంటివాడు తన మీది విమర్శను తనే తెర మీద పెట్టి కోట్లమందిని నవ్వించాడు. చిన్న వేషమే గానీ చాలా గుండె కావాలి.

కాలిపోయిన ఇల్లు, కరిగిపోయిన డబ్బు

1983 జనవరి 31న జట్టుతో ఊళ్ళో లేనప్పుడు లాస్ ఏంజెలెస్‌లో అతని ఇల్లు కాలిపోయింది. మనుషులు బయటపడ్డారు. ఏళ్ళ తరబడి కూడబెట్టిన వేల జాజ్ రికార్డులు బూడిదయ్యాయి. తర్వాత ఏ ఊరు ఆడటానికి వెళ్ళినా అభిమానులు రికార్డులు తెచ్చి చేతిలో పెట్టారు. జనం తనని ప్రేమిస్తున్నారని ఆ ముభావి మనిషికి అప్పుడే తెలిసింది.

వ్యాపారాలు కలిసిరాలేదు. హోటళ్ళలో, రెస్టారెంట్లలో తన పేరున పెట్టుబడులు పెట్టి ముంచేశాడంటూ 1986లో సొంత ఏజెంటు మీదే దావా వేశాడు. కోట్లు సంపాదించి లెక్కలు ఇంకొకరికి అప్పగించి బోల్తా పడిన తారలు మన చిత్రసీమలోనూ తక్కువేం లేరు. వాళ్ళ బాధ ఎలాంటిదో మనకు వేరే చెప్పనక్కర్లేదు.

దక్కని కుర్చీ

రిటైరయ్యాక కరీం గట్టిగా కోరుకున్నది ఒకటే, ఎన్.బి.ఎ.లో ఒక జట్టుకు ప్రధాన శిక్షకుడు కావాలని. 1998లో అరిజోనాలో వైట్‌రివర్ అనే చోటికి వెళ్ళి అపాచీ తెగ పిల్లల హైస్కూల్లో సహాయ కోచ్‌గా పనిచేశాడు. 2002లో ఓక్లహామా స్టార్మ్ అనే చిన్న లీగు జట్టుకు శిక్షణ ఇచ్చి చాంపియన్‌ని చేశాడు. 2005 నుంచి లేకర్స్‌లో కుర్ర సెంటర్లకు మెళకువలు నేర్పాడు. అయినా ఆ ప్రధాన కుర్చీ మాత్రం రాలేదు. ఆటలో అతన్ని మించినవాడు లేకపోయినా, వెనకటి ముభావం అడ్డొచ్చింది. ముప్ఫయ్యేళ్ళప్పుడు నలుగురితో ఇంకాస్త కలివిడిగా ఉండాల్సిందని తర్వాత తనే రాసుకున్నాడు.

మళ్ళీ కలం దగ్గరికే

1983లో వచ్చిన ఆత్మకథ 'జయంట్ స్టెప్స్' మొదలు ఎన్నో పుస్తకాలు రాశాడు. రెండో ప్రపంచయుద్ధంలో పోరాడిన నల్లజాతి ట్యాంకు దళం మీద ఒకటి, చరిత్ర మరచిన నల్లజాతి శాస్త్రజ్ఞుల మీద పిల్లల కోసం మరొకటి. 1994లో పౌరహక్కుల మార్గదర్శి వెర్నన్ జాన్స్ జీవితం టీవీ చిత్రంగా వస్తే నిర్మాతల్లో ఒకడయ్యాడు. హార్లెం రెన్స్ అనే పాత నల్లజాతి జట్టు మీద 2011లో డాక్యుమెంటరీ తీశాడు.

2015లో అయితే షెర్లాక్ హోమ్స్ అన్నగారు మైక్రాఫ్ట్ మీద ఆనా వాటర్‌హౌస్‌తో కలిసి నవల రాశాడు! హోమ్స్ కథలు మొదట చదివింది ఆటలో చేరిన కొత్తల్లో, ప్రయాణాల్లో. ఆ పరిశీలన కోర్టులోనూ పనికొచ్చింది. బాబ్ లానియర్ విరామంలో సిగరెట్ కాలుస్తాడని బంతులందించే కుర్రాళ్ళు చెప్పుకుంటుంటే విన్నాడట. అంతే, రెండో సగమంతా లానియర్‌ని పరుగులు పెట్టించాడు!

2008లో రక్తకేన్సర్, 2015లో గుండె ఆపరేషన్. రెండూ తట్టుకుని రాస్తూనే ఉన్నాడు. 2016లో అధ్యక్షుడు ఒబామా అమెరికా అత్యున్నత పౌరపురస్కారం మెడలో వేశారు. 2023 ఫిబ్రవరి 7న లెబ్రాన్ జేమ్స్ తన పాయింట్ల రికార్డు దాటితే, కోర్టు పక్కనే కూర్చుని చూసి, లేచి వెళ్ళి బంతి అందించాడు.

నాకు మాత్రం 2019లో అతను చేసిన పని అన్నిటికంటే గొప్పగా తోస్తుంది. తన చాంపియన్‌షిప్ ఉంగరాల్లో నాలుగింటిని, ట్రోఫీలను వేలానికి పెట్టాడు. దాదాపు 30 లక్షల డాలర్లు వచ్చాయి. అందులో ఎక్కువ భాగం బీదపిల్లలకు విజ్ఞానం నేర్పే తన స్కైహుక్ ఫౌండేషన్‌కి ఇచ్చేశాడు. నగరం దాటి ఎరగని పిల్లలు ఆ డబ్బుతో అడవుల్లోకి వెళ్ళి చెట్లనీ, నీళ్ళనీ, నక్షత్రాలనీ పరిశీలించడం నేర్చుకుంటారు. ఉంగరాన్ని పెట్టెలో దాచుకోవడం కంటే పిల్లల బతుకులు మార్చడమే నయమని కరీం లెక్క. ఆ లెక్క తప్పని ఎవరనగలరు?